సార్జెంట్‌ని ఎక్కడ పాతిపెట్టావు?

స్కార్‌థార్ప్,
నవంబర్ 14, 1991

ఒరేయ్ క్లిఫర్డ్,

"ప్రియమైన తమ్ముడికి" అని మొదలుపెట్టి కొట్టేశాను. నా గొంతు వినగానే ఫోన్ పెట్టేస్తున్నావు కాబట్టి ఇది రాస్తున్నాను. ఉత్తరాన్ని ఏం చేస్తావు? చింపి పొయ్యిలో వేసినా సగం చదివాకే వేస్తావు. నీ సంగతి నాకు తెలియదా?

శనివారం రాత్రి భోజనం దగ్గర గరిటె చేత్తో పట్టుకుని మరీ చెప్పాను. "సార్జెంట్ జోలికి వెళ్లకురా. వాడికి ఏడేళ్లు. పళ్లు అరిగిపోయాయి. మీ బావ స్టాన్ పోయాక వాడు కుందేళ్ల బొరియలో దిగిందే లేదు" అన్నాను. నువ్వు రొట్టె నములుతూ "ఎవడు తీసుకెళ్తాడే అక్కా, నీకన్నీ అనుమానాలే" అన్నావు. ఆ రొట్టె ఇంకా అరిగి ఉండదు, నేను ఆదివారం పొద్దున చర్చికి వెళ్లగానే స్టాన్ పెట్టె తీశావు, బొరియల మూతికి కట్టే స్టాన్ వలలు తీశావు, ముంగిసలాంటి నా ముసలి ఫెరెట్‌ని ఆ పెట్టెలో వేసుకుని కొండ ఎక్కావు. నేనింట్లో లేని సమయం చూసుకుని! దొంగలు కూడా అంత ఓపిగ్గా కాచుకోరు.

తిరిగి వచ్చేసరికి వంటింట్లో ఖాళీ పెట్టె పట్టుకుని నిలబడి ఉన్నావు. మొహం పిండిలా తెల్లబడిపోయి ఉంది. తప్పు చేసినవాడి మొహం అలాగే ఉంటుంది మరి. "పోయాడే అక్కా. లోపల కుందేలు తన్నింది. మెడ విరిగింది. అక్కడే ముళ్లచెట్టు కింద పాతేశాను" అన్నావు. నేను ఇంకా కోటు కూడా విప్పలేదు. పొయ్యిలో మాంసం మాడుతోంది. కూర్చో, సరిగ్గా చెప్పు అంటే కూర్చోలేదు. సాయంత్రం బస్సుకు వెళ్లాల్సినవాడివి మధ్యాహ్నం బస్సుకే పారిపోయావు. పుడ్డింగులు కుంగిపోయి రబ్బరులా అయితే వాటిని పక్కింటి కుక్కకు వేశాను. అది కూడా తినలేదు.

సరే, నీ సంగతి దేవుడు చూసుకుంటాడు. వాడి జత టాన్సీ సంగతి ఎవరు చూస్తారు? మూరెడు పొడవు, చెయ్యంత మందం ఉన్న ప్రాణి. ఐదేళ్లుగా వాడి మెడ మీద తల పెట్టుకుని తప్ప నిద్రపోయింది కాదు. ఇప్పుడు తెల్లారేసరికి గూడు తలుపు గీకుతోంది. వదిలితే తిన్నగా పెట్టె దగ్గరికి వెళుతుంది. నువ్వు వాడిని తీసుకెళ్లిన పెట్టె. లోపలికి దూరి, బయటికి వచ్చి, మళ్లీ దూరి, పెట్టె వెనక చూసి, నా మొహం చూస్తుంది. నేనేం చెప్పను దానికి? గుడ్డు కొట్టి పాలలో కలిపి పెడితే మూతి తిప్పుకుంటోంది. వాడి దుప్పటి ముక్క నోట కరుచుకుని ఇల్లంతా తిరుగుతోంది.

దానికి నువ్వు జవాబు చెప్పు.

మేబెల్


బ్రిడ్లింగ్టన్,
నవంబర్ 16

అక్కా,

నీ ఉత్తరం పూర్తిగా చదివాను, సగం కాదు. పొయ్యిలో కూడా వెయ్యలేదు. ఇక్కడ గ్యాసు పొయ్యి, కాగితాలు వేస్తే మండవు.

జరిగింది జరిగింది. వాడు వేటకు పుట్టినవాడు, వేటలో పోయాడు. అందరికీ అలాంటి చావు రాదు. ఒక్క తన్ను, అంతే. నొప్పి కూడా తెలిసి ఉండదు. ముళ్లచెట్టు కింద లోతుగా తవ్వి, మంచి రాయి ఒకటి పెట్టి వచ్చాను. ఇంకా ఏం చెయ్యమంటావు? బ్యాండు మేళం పెట్టించమంటావా?

ఒక్కమాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. ఎలాగూ తెచ్చుకుంటావనుకో. స్టాన్ బతికి ఉంటే తనే వాడిని వారం వారం కొండకు తీసుకెళ్లేవాడు. నేనూ, స్టాన్ ఆ కొండ మీద ఎన్ని కుందేళ్లు పట్టాం! గనుల్లో సమ్మె జరిగి జీతాల్లేని ఏడాది వీధి వీధంతా మా కుందేళ్ల కూరే తిన్నది. నువ్వేమో పనిచేసే జంతువును తీసుకొచ్చి పొయ్యి ముందు దిండు వేసి కూర్చోబెట్టావు. చలికాలం స్వెటర్ అల్లుతానని కూడా అన్నావు, నేను మర్చిపోలేదు. ఆ మాటకే వాడు సిగ్గుతో చచ్చిపోవలసింది.

టాన్సీ నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. జంతువులకు మనలా గుర్తుండదు. నీ స్నేహితురాలు హిల్డా దగ్గర ఫెరెట్లు బోలెడన్ని ఉన్నాయి కదా, ఒకదాన్ని తెచ్చి గూట్లో పడెయ్యి. అంతగా అయితే ఖర్చు నేను పెట్టుకుంటాను.

ఇక్కడ గాలి విపరీతంగా ఉంది. పోయినవారం బస్సులో నా కోటు మర్చిపోయి దిగాను, అడిగితే ఎవరికీ తెలియదన్నారు. పాత కోటుతో గడుపుతున్నాను. ఇవన్నీ నీకు అక్కర్లేదనుకో.

క్లిఫ్


స్కార్‌థార్ప్,
నవంబర్ 21

క్లిఫర్డ్,

స్టాన్ పేరు నీ నోట రానివ్వకు. స్టాన్ తన ఫెరెట్‌ని బొరియలో దింపితే అది బయటికి వచ్చేదాకా ఆ మట్టిలో పడుకుని చెవి ఆనించి వినేవాడు. వాన పడినా కదిలేవాడు కాదు. నువ్వు ఎప్పుడూ పక్కన కూర్చుని టీ తాగేవాడివి. ఆ కుందేళ్ల కూర తిన్న వీధికి కూడా ఆ సంగతి తెలుసు.

"నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది." సర్దుకుంది! ఇప్పుడు దాని పక్కటెముకలు నా వేళ్లకు తగులుతున్నాయి. నీ సలహా కూడా విన్నాను, నాకు బుద్ధి లేక. హిల్డాను అడిగి ఆవిడ ఫెరెట్లలో ఒక మగదాన్ని తెచ్చాను. నెల్సన్ అని, ఒంటి కన్నుది, గొర్రెపిల్లంత నెమ్మది. ముందు రోజు దాని గడ్డి టాన్సీ గూట్లో వేశాను, టాన్సీ గడ్డి దానికి వేశాను, ఒకరి వాసన ఒకరికి అలవాటు కావాలని. రెండో రోజు కలిపాం. టాన్సీ పిల్లిలా వీపు పైకెత్తి, అరిచి, నెల్సన్ చెవి పట్టుకుని వదల్లేదు. ముక్కు మీద చిటిక వేసి విడిపించబోతే నన్నూ పట్టుకుంది. నెల్సన్ మాత్రం హిల్డా జాకెట్‌లో దూరి సాయంత్రం దాకా బయటికి రాలేదు. హిల్డా నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అప్పుడు హిల్డా అడిగింది. "ఏమే మేబెల్, చచ్చినవాడిని దానికి చూపించావా?" అంది.

"చూపించడమేంటి, మా తమ్ముడు కొండమీదే పాతేసి వచ్చాడు కదా" అన్నాను.

"అయ్యో రాత! మరదింకేం చేస్తుంది? అది ఏడవడం లేదే పిచ్చిదానా, వెతుకుతోంది. వాడు పోయాడని దానికెవరు చెప్పారు? మా ఇంట్లో ఒకటి పోతే రెండో దాని ముందు పెడతాం. వాసన చూసుకుంటుంది. నాకుతుంది. కాసేపు లేపుతుంది. లేవకపోతే దానికే తెలుస్తుంది. అప్పుడు తింటుంది. నువ్వు చూపించకుండా ఎన్ని గుడ్లు పెట్టినా దండగే" అంది.

మన అమ్మ కూడా అలాగే చేసేది, గుర్తొచ్చింది. బొగ్గు కొట్లో చిన్న బుట్టలో పెట్టి చూపించేది. నేనెందుకు మర్చిపోయానో! నీ మీద కోపంతో బుర్ర పనిచెయ్యలేదు.

అందుకని సార్జెంట్‌ని తవ్వి తీస్తాను. నేల గడ్డకట్టి ఉంది కాబట్టి వాడు పాడై ఉండడు. పాడైనా పర్వాలేదు, వాసన ఉంటే చాలు. హిల్డా గునపం తెస్తానంది. ముళ్లచెట్టుకు ఏ పక్క? రాయి ఎంతది? వెంటనే జవాబు రాయి.

మేబెల్


బ్రిడ్లింగ్టన్,
నవంబర్ 25

అక్కా, నా మంచి అక్కా,

నీకు చేతులెత్తి మొక్కుతాను, ఆ పని చెయ్యకు. ఈ చలిలో నీ మోకాలితో ఆ కొండ ఎక్కుతావా? దారంతా మంచు జారుడు. కిందపడితే ఎవరు చూస్తారు? హిల్డా నీకంటే పెద్దది. ఇద్దరు ముసలమ్మలు గునపం పట్టుకుని కొండ మీద తవ్వుతుంటే ఊరు నవ్వదా?

పైగా ఇన్నాళ్లకు అక్కడేం మిగిలి ఉంటుంది? నక్కలు తవ్వేసి ఉంటాయి. నేను మరీ లోతుగా కూడా తవ్వలేదు, నిజం చెప్పాలంటే. రాయి కూడా చిన్నదే. ఏ పక్కో కూడా సరిగ్గా గుర్తులేదు, అప్పుడు నా మనసు మనసులో లేదు. రాతిగోడ వైపేమో. లేదా అటు వైపు. తవ్వితే కనపడదు, నీకు ఇంకా బాధ.

నేనొక పని చేస్తాను. ఇక్కడ రేవు దగ్గర ఒకాయన ఫెరెట్లు పెంచుతాడు. ఒక పిల్లను తీసుకుని, పెట్టెలో పెట్టి, బస్సు డ్రైవర్‌కు అప్పజెప్పి పంపిస్తాను. పిల్లయితే టాన్సీ కొట్టదు, సాకుతుంది. నువ్వు వెచ్చగా ఇంట్లో ఉండు. టాన్సీని స్వెటర్‌లో వేసుకుని తిరుగు, నీ గుండె చప్పుడు వింటే దానికి ధైర్యంగా ఉంటుంది. కొంచెం తేనె వేలికి రాసి నాకించు. నువ్వు కూడా వేళకు తిను. చిక్కిపోయి ఉంటావు, నాకు తెలుసు.

కొండకు మాత్రం వెళ్లకు. ఎప్పుడూ నిన్నేమీ అడగలేదు. ఇదొక్కటే అడుగుతున్నాను.

నీ తమ్ముడు,
క్లిఫ్


స్కార్‌థార్ప్,
డిసెంబర్ 2

క్లిఫర్డ్ సైక్స్,

నువ్వు నన్ను "మంచి అక్కా" అన్నప్పుడే నాకు అర్థమైంది. అరవై మూడేళ్లలో నువ్వు ఆ మాట అనడం ఇదే మొదలు. ఉత్తరం అందిన మర్నాడే కొండకు వెళ్లాను.

ముళ్లచెట్టు చుట్టూ ఎక్కడా మట్టి కదలలేదు. గడ్డి గడ్డిలాగే ఉంది. రాయి లేదు. నక్క గీసిన జాడ కూడా లేదు. హిల్డా గునపం పక్కన పడేసి "మీ వాడు గాలిలో పాతాడేమోనే" అంది. నేనూ ఒక్క క్షణం నీ తరఫున మాట్లాడాను, సిగ్గులేకుండా. చెట్టు గుర్తు తప్పాడేమో అన్నాను.

కొంచెం పైన, గోడవారన పెద్ద బొరియ ఉంది చూడు, స్టాన్ ఎప్పుడూ అక్కడే వల వేసేవాడు. దాని మూతి దగ్గర ఏదో నల్లగా కనిపించింది. చచ్చిన గొర్రె అనుకున్నాను. దగ్గరికి వెళితే నీ కోటు.

బస్సులో మర్చిపోయిన కోటు!

ఫెరెట్ లోపల కుందేలును చంపి, తిని, అక్కడే నిద్రపోతే మనవాళ్లు ఏం చేస్తారో నీకు నేను చెప్పాలా? తవ్వితే తవ్వుతారు. తవ్వలేకపోతే ఒంటిమీది కోటు తీసి మూతి దగ్గర పరిచి ఇంటికి వస్తారు. మర్నాడు పొద్దున్నే వెళతారు. అది నిద్రలేచి బయటికి వచ్చి యజమాని వాసన చూసి కోటు మీదే పడుకుని ఎదురుచూస్తూ ఉంటుంది. మన నాన్న అలా చేశాడు, స్టాన్ అలా చేశాడు. చచ్చిన ఫెరెట్ కోసం ఎవడూ కోటు పరవడు, క్లిఫర్డ్. నువ్వు నా వంటింట్లో నిలబడి "మెడ విరిగింది" అని చెబుతున్నప్పుడు సార్జెంట్ బతికే ఉన్నాడు.

వాడు చెయ్యాల్సింది వాడు చేశాడు. బయటికి వచ్చాడు. కోటు ఎడమ చేతిలోకి దూరి ముడుచుకుని పడుకున్నాడు. అందులోనే ఉన్నాడు. బిగుసుకుపోయి, ముక్కు తోకలో పెట్టుకుని. కోటు లోపలి గుడ్డంతా వాడి వెంట్రుకలు. చుట్టుపక్కల వాడి పెంటికలు, ఒకచోట కాదు, చాలాచోట్ల. అంటే ఒక్క రాత్రి కాదు. లేచి, చుట్టూ తిరిగి, మళ్లీ వచ్చి పడుకున్నాడు. ఎవరూ రాలేదు. ముసలివాడు, పళ్లు అరిగినవాడు, నా పొయ్యి ముందు పడుకునేవాడు, ఆ మంచులో నీ కోసం కూర్చుని చచ్చిపోయాడు. ఇంటికి ఎంత దూరం? నేను పొద్దున్నే పోయి తెచ్చుకునేదాన్ని కదరా! ఒక్క మాట చెప్పి ఉంటే! "అక్కా, వాడు లోపలే ఉండిపోయాడు" అని ఒక్క మాట! నీ నోరు పడిపోయిందా?

నేను కొండ మీద ఏడవలేదు. హిల్డానే ఏడ్చింది. నేను కోటును కోటులాగే చుట్టి ఇంటికి తెచ్చాను.

టాన్సీ సంగతి కూడా రాస్తాను, నువ్వు చదివి తీరాలి. పొయ్యి ముందు కోటు పరిచి దాన్ని వదిలాను. ముందు కోటంతా వాసన చూసింది. తర్వాత కోటు చేతిలోకి దూరింది. చాలాసేపు తోక చివర మాత్రమే కనిపించింది. వెనక్కి వచ్చేటప్పుడు వాడిని మెడ పట్టుకుని లాక్కొచ్చింది. చెవి నాకింది. కళ్లు నాకింది. భుజంతో ఒక తోపు తోసింది, ఆట మొదలుపెట్టేటప్పుడు తోస్తుంది చూడు, అలా. వాడు లేవలేదు. మళ్లీ మెడ పట్టుకుని తన గూటి వైపు లాగడం మొదలుపెట్టింది. వాడు దానికంటే రెండింతలు. చాప అంచుదాకా లాగి ఆగిపోయింది, మళ్లీ లాగింది. నేను సాయం చెయ్యబోతే హిల్డా నా చెయ్యి పట్టుకుని "వద్దే, దాన్ని చెయ్యనివ్వు" అంది. చివరికి వదిలేసింది. కాసేపు పక్కన కూర్చుంది. తర్వాత లేచి ఒక్కతే గూట్లోకి వెళ్లి, గడ్డి అంతా దారికి అడ్డంగా లాక్కుని పడుకుంది.

వాడిని తోటలో, ఉల్లికాడల మడి చివర పెట్టాం. మర్నాడు పొద్దున టాన్సీ గుడ్డు మొత్తం తిన్నది. గిన్నె నాకి, ఇంకా పెట్టలేదని నా వేలు కొరికింది. తలుపు గీకడం మానేసింది. పెట్టె వైపు చూడటం లేదు.

ఇప్పుడు నేను నిన్ను అడుగుతున్నాను. ఎందుకు? వాడిని ఎందుకు వదిలేసి వచ్చావు, నాతో ఎందుకు అబద్ధం చెప్పావు? కోటు నా దగ్గరే ఉంది. జేబులు కూడా చూశాను. ఒక్కసారే అడుగుతున్నాను, నిజం రాయి.

మేబెల్ ఓల్డ్‌రాయిడ్


బ్రిడ్లింగ్టన్,
డిసెంబర్ 7

అక్కా,

ఏమని రాయను? నువ్వు రాసిందంతా నిజమే. వాడు లోపల ఉండిపోయాడు. కాసేపు చూశాను, పిలిచాను, రాలేదు. తవ్వడానికి పార కూడా తీసుకెళ్లలేదు. ఓపిక లేకపోయింది. బద్ధకం అనుకో. బస్సుకు టైమైపోతోందని కూడా అనుకున్నాను. కోటు పరిచి వచ్చేశాను, వాడు వస్తాడులే అనుకున్నాను.

ఇంటికొచ్చాక నువ్వు గుమ్మంలో నిలబడ్డావు. "వాడు లోపలున్నాడు" అంటే "పార తీసుకుని పద" అంటావు. నీ నోటికి భయపడి ఆ అబద్ధం చెప్పాను. చచ్చాడంటే ఒక్కసారి తిట్టి ఊరుకుంటావనుకున్నాను. నువ్వెప్పుడు ఒక్కసారితో ఊరుకున్నావు గనక!

కోటు జేబుల్లో ఏముంటాయి, బస్సు టికెట్లూ, పాత రుమాలూ. పారెయ్యి. కోటు కూడా తగలెయ్యి.

తిట్టాలనుంటే తిట్టు. నాకు అర్హతే. కానీ ఇక రాయకు. క్రిస్మస్‌కు రమ్మని పిలవకు, నేనూ నిన్ను పిలవను. కొన్నాళ్లు ఇలా ఉండనీ. నీకు నా మొహం చూడాలని కూడా ఉండదు.

టాన్సీ తిన్నందుకు సంతోషం. అది మాత్రం నిజంగా రాస్తున్నాను.

క్లిఫర్డ్


స్కార్‌థార్ప్,
డిసెంబర్ 11

ఒరేయ్ అబద్ధాలకోరూ,

బస్సు టికెట్లూ, పాత రుమాలూనా? మరి మాత్రల సీసా ఎవరిదిరా?

గోధుమరంగు చిన్న సీసా. మూత సగమే బిగించి ఉంది. మీద నీ పేరు. స్టాన్‌కు చివరి రోజుల్లో నాలుక కింద పెట్టింది నేనే కదా, ఆ గుండెనొప్పి మాత్రలు నేను చీకట్లో కూడా గుర్తుపడతాను. నీకు నువ్వుగా చెప్పడానికి ఒక అవకాశం ఇచ్చాను. జేబులు చూశానని కూడా రాశాను. అయినా "బద్ధకం అనుకో" అంటావా? మనిషికి ఒక హద్దుండాలి!

నీ మొహం పిండిలా ఎందుకుందో ఇప్పుడు తెలిసింది. తప్పు చేసినవాడి మొహం అనుకున్నాను. కూర్చోమంటే ఎందుకు కూర్చోలేదో తెలిసింది. కూర్చుంటే లేవలేనని భయం. ఆ కొండమీద ఎంతసేపు పడున్నావు? గోడవారనేనా? మాత్ర వేసుకున్నాక మూత కూడా బిగించలేకపోయావు కదూ? ఆ స్థితిలో ఒంటిమీది కోటు తీసి వాడికి పరిచి, చొక్కాతో కొండ దిగావు. నిన్ను ఏమనాలో నాకు మాటలు దొరకడం లేదు. నాకే మాటలు దొరకడం లేదంటే నువ్వే ఊహించుకో.

నీ పక్కింటి ఆగ్డెన్ గారికి ఫోన్ చేశాను. అవును, చేశాను. అవసరానికి ఉంటుందని ఆవిడ నంబర్ నువ్వే ఒకసారి ఇచ్చావు. "మీకు తెలియదాండీ? సెప్టెంబర్లోనే అంబులెన్స్ వచ్చింది కదా, పాపం" అంది. ఆవిడ నీ పాలసీసాలు లోపలికి తెచ్చి పెడుతోందట. నీ చెత్తబుట్ట ఆవిడ భర్త బయట పెడుతున్నాడట. వీధి మొత్తానికి తెలుసు. నాకు తెలియదు. నువ్వు పుట్టినప్పుడు మొదట ఎత్తుకున్నది నేను. నీకు నడక నేర్పింది నేను. ఫోన్‌లో ఎవరో పరాయి ఆడమనిషి నా మీద జాలిపడుతూ నా తమ్ముడి సంగతి నాకు చెప్పింది!

అక్కకు శ్రమ ఎందుకని దాచానని మాత్రం రాయకు. ఆ ముక్క రాస్తావని నాకు తెలుసు, అందుకే ముందే చెబుతున్నాను. స్టాన్‌కు చేసింది చాకిరీ అని ఎవరు చెప్పారు నీకు? నేను చెప్పానా? ఆ మంచం పక్కన కూర్చున్న రాత్రుల్లో ఒక్కటి కూడా నేను వెనక్కి ఇవ్వను. నేనేం చెయ్యగలనో, ఏం చెయ్యలేనో తేల్చడానికి నువ్వెవడివి?

సార్జెంట్ విషయంలో నేను నిన్ను క్షమించలేదు. నువ్వు జబ్బుపడ్డావని ఆ కోపం పోతుందనుకోకు. నీకు నొప్పి వచ్చింది, తవ్వలేకపోయావు, అందులో నీ తప్పు లేదు. నాకు చెప్పకపోవడం తప్పు. నువ్వు చెప్పి ఉంటే నిన్ను పడుకోబెట్టి, హిల్డాను పిలిచి, వాడిని తెచ్చుకునేదాన్ని. ఇద్దరూ దక్కేవారు. నీ పరువు కోసం వాడు చచ్చిపోయాడు.

ఇప్పుడు నా సంగతి విను. టాన్సీకి చూపించడానికి వాడి శరీరమైనా ఉంది. నేను వెళ్లి తెచ్చాను. నువ్వు నాతో మాటలు మానేసి, ఉత్తరాలు వద్దని, పండక్కి రావద్దని, ఆ సముద్రం పక్కన గదిలో ఒక్కడివే పోతే నాకెవరు చెప్తారు? ఆగ్డెన్ గారు ఫోన్ చేస్తారా, అంతా అయ్యాక? నేనిక్కడ కోపంతో పళ్లు నూరుకుంటూ, నువ్వు బతికే ఉన్నావనుకుని, నీకు తిట్లు రాసుకుంటూ కూర్చోవాలా? అది ప్లానా? దానికంటే నన్ను ఆ బొరియలో వేసి మూసెయ్యి.

ఆపరేషన్ అంటున్నారని ఆగ్డెన్ గారు అన్నారు. ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తారు, డాక్టర్ ఏమన్నాడు? ఈ నాలుగు ముక్కలకూ అబద్ధం లేని జవాబు కావాలి.

వచ్చే గురువారం బస్సుకు వస్తున్నాను. టాన్సీ కూడా వస్తుంది. తింటోంది గానీ ఒంటరిగా పడుకోదు, రాత్రంతా నా స్వెటర్‌లో ఉంటోంది. హిల్డా చిన్న ఆడపిల్లను ఇస్తానంది, వసంతం దాకా ఆగుదామన్నాను. దానికి ఇంకా ఎవరి మీదా మనసు లేదు. బస్సులో జంతువులు వద్దంటే కండక్టర్ సంగతి నేను చూసుకుంటాను. తలుపు వేసుకుని లోపల కూర్చున్నావో, హిల్డా గునపం కూడా తెస్తున్నాను.

మీ అక్క,
మేబెల్


బ్రిడ్లింగ్టన్,
డిసెంబర్ 14

అక్కా,

నాలుగు ముక్కలకూ జవాబు. జనవరి చివర్లో. హల్‌లో పెద్దాసుపత్రి. ఛాతీ కోసి, కాలి నుంచి నరం తీసి గుండెకు వేస్తారట. డాక్టర్ ఏమన్నాడో నాకు తెలియదు. ఆయన చెబుతుంటే కిటికీలోంచి ఎదుటి గోడ చూస్తూ కూర్చున్నాను. వినబుద్ధి కాలేదు. నువ్వొచ్చాక మళ్లీ వెళ్లి అడుగుదాం. నువ్వు విను.

ఎంతసేపు పడున్నానో నాకు తెలియదు. గోడవారనే. లేచి కూర్చోగలిగాక బొరియలోకి చెయ్యి పెట్టి వాడిని పిలిచాను. వాడు రాలేదు. మర్నాడు ఎవరినైనా పంపాలనుకున్నాను. ఇక్కడికి వచ్చాక రెండు రోజులు మంచం దిగలేదు. మూడో రోజు నీకు చెప్పాలని ఫోన్ తీశాను, నువ్వే చేశావు, నీ గొంతు వినగానే పెట్టేశాను. ఆ తర్వాత ప్రతిరోజూ చెప్పడం ఇంకా కష్టమైంది. అంతే. దానికి వేరే కారణం లేదు.

నాకు భయంగా ఉందక్కా. ఎవరికీ చెప్పలేదు ఈ మాట.

బస్టాండుకు రాలేను, ఆ ఎత్తు ఎక్కలేను. తలుపు తాళం వెయ్యను. టాన్సీకి గుడ్లు తెప్పించాను. నువ్వు లోపలికి వచ్చాక నన్ను తిట్టు, ఎంతసేపు కావాలంటే అంతసేపు తిట్టు. కాకపోతే మొదలుపెట్టే ముందు ఒక్క నిమిషం నా పక్కన కూర్చో.

క్లిఫ్